అనంతపురంలో ఎనిమిది ఆదివారాల రీసెర్చ్ మెథడ్స్ కోర్సు: ఆరు వేలకు దక్కినవి రెండున్నర ఆదివారాలు

మార్కులు ముందే చెప్పేస్తాను, ఐదుకు మూడు. ఆ మూడూ ఎనిమిది ఆదివారాల్లో రెండున్నర ఆదివారాలు సంపాదించి పెట్టినవే. మిగతావాటికి ఇంట్లో పడుకున్నా నష్టం లేదు, ఏడో ఆదివారమైతే పడుకుని ఉంటేనే మేలు జరిగేది. పేరు మాత్రం రాయను. క్లాసు చెప్పే సార్ మంచాయన. నడిపించేవాళ్లు వేరు, నా కోపమంతా వాళ్ల మీదే, కానీ పేరు రాస్తే ముందు తగిలేది ఆయనకే. అనంతపురంలో పీహెచ్‌డీ చేస్తూ ఆదివారం క్లాసుల కోసం తిరిగేవాళ్లకు నేను ఏ మేడమెట్ల గురించి చెప్తున్నానో ఎలాగూ తెలిసిపోతుంది లెండి.

ఫీజు ఆరు వేలు, రెండు విడతల్లో కట్టొచ్చు. పొద్దున పదింటి నుంచి ఒంటిగంట దాకా. కింద జిరాక్సు, బైండింగు అంగడి, పైన క్లాసు, అంచేత మూడు గంటలూ బంక వాసన. ఒక ఫ్యాను తిరుగుతుంది, ఇంకోటి తిరగకుండానే చప్పుడు చేస్తుంది. పద్నాలుగు మందిమి చేరాము, చివరికి తొమ్మిది మందిమి మిగిలాము. పదకొండున్నరకు ఇంటర్వెల్ ఇస్తే కిందికి దిగి బండి దగ్గర ఉగ్గాని, బజ్జీ తినేవాళ్లం. కోర్సులో ఎనిమిది వారాలూ ఒకే నాణ్యతతో నడిచింది అదొక్కటే.

నా సంగతి కొంచెం చెప్తే తప్ప ఈ రివ్యూ అర్థం కాదు. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తూ పార్ట్‌టైమ్‌గా కమ్యూనికేషన్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. వేరుశనగకు, అదే మన బుడ్డలకు, తెగులొస్తే రైతు ఎవరి మాట విని ఏ మందు కొడతాడు అన్నది నా టాపిక్. కోర్సులో చేరకముందే ముప్పై నాలుగు ప్రశ్నల క్వశ్చనీర్ ఒకటి తయారుచేసుకుని కూడేరు వైపు పల్లెల్లో అరవై మందితో నింపించాను. ఎండలో స్కూటీ మీద తిరిగి, నీళ్ల బాటిల్ వేడెక్కి టీ నీళ్లయ్యేదాకా తిరిగి నింపించిన కాగితాలవి. అందులో ఎక్కువమంది సమాచారం ఎక్కడినుంచి వస్తుందంటే వ్యవసాయ అధికారి నుంచి, రైతు సేవా కేంద్రం నుంచి అని టిక్ పెట్టారు. "పురుగుమందుల అంగడివాళ్లను సలహా అడుగుతారా" అంటే చాలామంది "అడగను" అన్నారు. మా గైడ్ సార్ ఆ కాగితాలు తిరగేసి ఒకే మాటన్నారు: "ఏమ్మా, ఇది నువ్వు నమ్ముతున్నావా?" నమ్మలేదు. మా పెదనాన్నకే బుడ్డల చేను ఉంది, ఆయన చేతిలో సంచితో పోయేది ఎక్కడికో నాకు తెలియదా. అయినా తప్పెక్కడ జరిగిందో తెలియలేదు, రైతులు అబద్ధం చెప్పారనుకున్నాను. అది తేల్చుకుందామనే ఈ కోర్సులో చేరాను.

మొదటి ఆదివారం గురించి రాయడానికేమీ లేదు. రీసెర్చ్ అంటే ఏమి, క్వాంటిటేటివ్ (అంకెలతో లెక్కగట్టేది) అంటే ఏమి, క్వాలిటేటివ్ (మాటలను, అనుభవాలను విప్పి చూసేది) అంటే ఏమి, రెండింటికీ తేడాలు పదకొండు, గడులు గీసిన టేబుల్. డిగ్రీ గైడ్లలో ఉండేదే. ఈ రెండు గడుల పద్ధతితో ఒక చిక్కుంది, అది ఆ రోజు తెలియలేదు: విద్యార్థి ముందు తనది ఏ గడి అని నిర్ణయించుకుంటాడు, తర్వాత ఆ గడికి సరిపోయే ప్రశ్న వెతుక్కుంటాడు. నాకు లెక్కలు రావు కాబట్టి నేను క్వాలిటేటివ్ అన్నవాళ్లు మా బ్యాచ్‌లోనే ముగ్గురున్నారు. నాకు మనుషులతో మాట్లాడాలంటే టెన్షన్, అందుకే సర్వే, కాగితం ఇచ్చి వచ్చేస్తా అన్నతను ఇంకొకడు. వంట రాని మనిషి గిన్నెను బట్టి కూర నిర్ణయించినట్టు.

రెండో ఆదివారం సార్ బోర్డు తుడిచేసి, 1962లో న్యూయార్క్‌లో విలియం లబోవ్ అనే భాషాశాస్త్రవేత్త చేసిన పని చెప్పారు. ఆ ఊళ్లో కొంతమంది మాటల్లో 'ర' పలుకుతారు, కొంతమంది మింగేస్తారు. ఎవరు పలుకుతారు, ఎవరు మింగుతారు అన్నది తేల్చాలి. మామూలుగా మనమైతే ఏం చేస్తాం? "మీరు ర పలుకుతారా? ఎల్లప్పుడూ, అప్పుడప్పుడూ, ఎప్పుడూ లేదు" అని కాగితం అచ్చేస్తాం. ఆయన అదేమీ చేయలేదు. ఖరీదైనదొకటి, మధ్యరకమొకటి, చవకదొకటి, మూడు పెద్ద అంగళ్లకు పోయాడు. నాలుగో అంతస్తులో దొరికే సరుకేదో ముందే చూసుకుని, అది ఎక్కడుంటుందని అక్కడ పనిచేసేవాళ్లను అడిగాడు. జవాబు ఇంగ్లిష్‌లో "ఫోర్త్ ఫ్లోర్" అనే రావాలి, అందులో 'ర' రెండుసార్లు వస్తుంది. సరిగా వినపడనట్టు మళ్లీ అడిగితే రెండోసారి ఇంకాస్త స్పష్టంగా చెప్తారు, అప్పుడు ఇంకో రెండు. తర్వాత పక్కకు పోయి రాసుకున్నాడు. ఇలా 264 మంది. ఖరీదైన అంగట్లో 'ర' ఎక్కువ, చవక అంగట్లో బాగా తక్కువ. ఎవరికీ కాగితం ఇవ్వలేదు, ఎవరికీ తాము పరీక్షలో ఉన్నామని తెలియదు.

ఇది చెప్పి సార్, మన ఊళ్లో ఇలాంటిదొకటి చేసుకురండి అని ఇంటిపని ఇచ్చారు. నేను బట్టల షాపులు పట్టుకున్నాను. శనివారం పాత కాటన్ చీర, చేతిలో కూరగాయల సంచి. వారం తిరిగాక మళ్లీ అవే షాపులు, కంచిపట్టు కాదుగానీ పెళ్లికి కట్టే చీర, భుజానికి హ్యాండ్‌బ్యాగు. రెండుసార్లూ ఒకే ప్రశ్న, "జాకెట్టు గుడ్డలెక్కడున్నాయి?" మొదటిసారి "అక్కా, ఆ పక్క", "పైన చూడుమా". రెండోసారి "రండి మేడమ్", ఒకచోటయితే కుర్చీ. ఒక పాత అంగట్లో మాత్రం పెద్దాయన రెండుసార్లూ "ఏమ్మా, ఏం కావాలా" అనే అన్నాడు, పట్టుచీరకూ కూరగాయల సంచికీ ఆయనకు తేడా లేదు. ఎనిమిది షాపులతో ఏమీ తేలదని నాకూ తెలుసు. కానీ "గిరాకీలను ఎలా పిలుస్తారు" అని ఆ కుర్రాళ్లను అడిగి ఉంటే అందరూ "మేడమ్ అనే అంటాం" అని చెప్పి ఉండేవాళ్లు, అందులోనూ నాకు అనుమానం లేదు. ఆరు వేలల్లో రెండు వేలు ఈ ఒక్క ఇంటిపనికి వసూలైపోయాయి.

మూడో ఆదివారం సర్వే. ఇదే సగం ఆదివారం, మొదటి సగం బాగు, రెండో సగం దండగ. బాగున్న సగంలో మా ప్రశ్నలనే బోర్డు మీద రాసి చీల్చి చెండాడారు. "అధికారుల సలహాలు సకాలంలో అంది ఉపయోగకరంగా ఉంటున్నాయా?" అన్నది నా ప్రశ్నే. సకాలంలో అందినవి ఉపయోగపడలేదనుకునేవాడు ఏం టిక్ పెట్టాలి? రెండు ప్రశ్నలను ఒకే సంచిలో కుక్కాను. ఇక ఆ ఐదు మెట్ల స్కేలు. 1932లో రెన్సిస్ లిక్కర్ట్ అనే ఆయన పెట్టింది. మనందరం లైకర్ట్ అంటాం, ఆయన పేరు పలకాల్సింది లిక్కర్ట్ అనేనట, సార్ అలా అన్నప్పుడల్లా వెనక బెంచీలో ఒకటే నవ్వు. దాన్ని మనం "పూర్తిగా ఏకీభవిస్తాను, ఏకీభవిస్తాను, చెప్పలేను, ఏకీభవించను, అసలు ఏకీభవించను" అని తెలుగు చేసి పల్లెకు తీసుకుపోతాం. ఏకీభవించడమనే మాట కూడేరులో ఎవరి నోట విన్నామని! నా అరవై మందిలో ఒక తాత, "నువ్వు ఏది రాసుకుంటే మంచిదో అది రాసుకోమ్మా" అని సంతకం పెట్టి పోయాడు. అన్నిటికీ ఔననడం అక్కడ అభిప్రాయం కాదు, మర్యాద. ఇంటికొచ్చిన ఆడబిడ్డకు కాదని చెప్పడమేమిటని.

దీనికి సార్ చెప్పిన మందు నాకు భలే నచ్చింది. పల్లెల్లో పనిచేసేవాళ్లు ఎప్పటినుంచో వాడేదే: కాగితం పక్కన పెట్టి, నేల మీద బొమ్మలు పెట్టి, గింజలు పంచమనడం. పై వారం పెదనాన్న వాళ్లూరికి పోయి చేశాను. నాలుగు కాగితాల మీద అధికారి, అంగడి, పక్క చేను రైతు, టీవీ బొమ్మలు గీసి పరిచి, పది బుడ్డలు ఒక రైతు చేతిలో పెట్టి, ఎవరి మాట ఎంత నమ్ముతావో అన్ని బుడ్డలు వాళ్ల ముందర పెట్టమన్నాను. ఏకీభవించడం గురించి అడిగితే నిమిషంలో విసుక్కునే మనిషి, గింజలు చేతిలో ఉంటే పది నిమిషాలు ఆలోచించాడు. ఒకటి అటు జరిపి, మళ్లీ వెనక్కి తీసి, "ఈయన మాట నిజమే గానీ ఈయన వచ్చేసరికి ఆకంతా పోతాది" అని తనలో తనే వాదించుకున్నాడు. ఆ వాదనే నాకు కావాల్సిన డేటా. చివర్లో లెక్కపెడితే తొమ్మిదే ఉన్నాయి, ఒకటి మాటల్లో ఒలుచుకుని తినేశాడు. వాటిని మళ్లీ పదికి సర్ది రాయాలా, తొమ్మిదికే రాయాలా అని సార్‌ను అడిగితే తొమ్మిదనే రాయి, తిన్నాడని కూడా రాయి అన్నారు.

రెండో సగం 384 పురాణం. మన రాష్ట్రంలో సోషల్ సైన్సెస్ థీసిస్‌లు తెరిచి చూడండి, శాంపిల్, అంటే ఎంతమందిని అడిగారన్న అంకె, 384 అని ఎన్నిట్లో కనపడుతుందో. దీని మూలం 1970లో క్రెజ్సీ, మోర్గాన్ అనే ఇద్దరు అచ్చేసిన ఒక పట్టిక. వందమంది ఉన్న ఊళ్లో 80 మందిని అడగాలి, వెయ్యిమందిలో 278, పదివేలలో 370, పది లక్షలకు పోతే 384, అక్కడ ఆగిపోతుంది. లెక్క తప్పు కాదు. కానీ ఆ లెక్క పనిచేయాలంటే జనాభా మొత్తం జాబితా చేతిలో ఉండి, చీట్లు తీసినట్టు మనుషులను ఏరాలి. మనమేం చేస్తాం? బస్టాండులో, రచ్చబండ దగ్గర, ఖాళీగా కనపడిన 384 మందిని పట్టుకుంటాం, గూగుల్ ఫారం లింకు వాట్సాప్‌లో తోసి 384 రాగానే ఆపేస్తాం. ఖాళీగా కూర్చున్నవాళ్లు వేరు, చేలో ఉన్నవాళ్లు వేరు కదా సార్ అని నేనడిగాను. ఆయన చెప్పబోయారు. ఇంతలో నడిపించే మనిషి తలుపు దగ్గర నిలబడి, "మేడమ్, థీసిస్ చూసే కమిటీకి 384 ఉంటే చాలు, ప్రశ్నలు రావు" అన్నాడు. సార్ ముఖం అప్పుడు చూడాల్సింది. ఆ మనిషి క్లాసులోకి ఎందుకొచ్చాడో నాకు ఏడో ఆదివారం గానీ అర్థం కాలేదు.

సర్వేను తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. సర్వేతో తేలే ప్రశ్నలున్నాయి. నా టాపిక్‌కు తాతలాంటి పరిశోధనే సర్వే: అమెరికాలో అయోవా రాష్ట్రంలో హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం ఎలా పాకిందని ర్యాన్, గ్రాస్ అనే ఇద్దరు రెండు ఊళ్ల రైతులు 259 మందిని అడిగి 1943లో అచ్చేశారు. 1941 కల్లా ఇద్దరు తప్ప అందరూ ఆ విత్తనానికి మారారు. మొదట చెవిన వేసింది విత్తనాలు అమ్మేవాడు, మనసు మార్చింది పక్క రైతు అని అందులో తేలింది. "ఏ ఏడు వేశావు, ఎవరు చెప్పగా విన్నావు" అంటే రైతు చెప్పగలడు, జ్ఞాపకం కొంచెం అటూ ఇటూ అయినా. కానీ "ఎలా మాట్లాడుకుంటారు" అని అడిగితే ఎవరూ చెప్పలేరు. నడిచేవాణ్ని ముందు ఏ కండరం బిగుస్తుందని అడిగినట్టు ఉంటుంది.

నాలుగో వారం ఇంటర్వ్యూలు, గ్రూపు చర్చలు. పర్వాలేదు అనిపించింది. కడప నుంచి ఒకామె ముందు రోజే వచ్చి చుట్టాలింట్లో పడుకుని క్లాసుకు వచ్చేది, రోగి పరిస్థితి బాగాలేదని నర్సులు ఇంటివాళ్లకు ఎలా చెప్తారన్నది ఆమె టాపిక్. వార్డులో రికార్డింగు కుదరదు, కుదిరినా చేయకూడదు. ఆమెకు సార్ చెప్పిన చిట్కా ఒకటి మాత్రం రాసుకున్నాను: "మీరు సాధారణంగా ఎలా చెప్తారు" అని అడగొద్దు, ట్రైనింగులో నేర్పింది అప్పజెప్తారు. "మొన్న ఆఖరుసారి చెప్పాల్సి వచ్చింది ఎప్పుడు, అప్పుడు ఎక్కడ నిలబడ్డారు, ముందు నోట్లోంచి వచ్చిన మాటేంటి" అని ఒక్క సంఘటన పట్టుకుని అడగండి. 1954లో ఫ్లానగన్ అనే ఆయన రాసిన పద్ధతట. గ్రూపు చర్చ గురించి చెప్పింది మాత్రం పుస్తకంలో పాఠమే. మన పల్లెల్లో ఎనిమిది మందిని కూర్చోబెడితే ఒక పెద్దాయన మాట్లాడతాడు, ఏడుగురు తలూపుతారు. దానికేం చేయాలో చెప్పలేదు.

ఇక ఐదో ఆదివారం. మీరు డబ్బు కట్టేది దీనికి అనుకోండి.

ముందు వారమే సార్ అందరికీ చెప్పారు, మీ టాపిక్‌కు సంబంధించి జనం మామూలుగా మాట్లాడుకునేది ఒక్క నిమిషం రికార్డు చేసుకుని రండి అని. నేను తెలిసినవాళ్ల పురుగుమందుల అంగట్లో పొద్దున్నే కూర్చున్నాను, అంగడాయన అనుమతితో, ఫోను కౌంటరు మీదే పెట్టి. క్లాసులో నాది వేశారు. నలభై రెండు సెకన్లు. సార్ ఏడుసార్లు వేశారు, నాలుగోసారికి మాకు విసుగొచ్చింది. తర్వాత రాయమన్నారు, విన్నది విన్నట్టు, దగ్గులూ ఆగడాలూ సహా. 1970ల్లో గెయిల్ జెఫర్సన్ ఇలా రాయడానికి గుర్తులు స్థిరపరిచింది: మాట ఆగితే ఎన్ని సెకన్లో బ్రాకెట్లో అంకె, అచ్చు సాగితే కోలన్లు, ఇద్దరి మాట మీద మాట పడితే చదరపు బ్రాకెట్టు. నలభై రెండు సెకన్లు రాయడానికి మాకు గంటన్నర పట్టింది. ఇదిగో అందులో ముక్క:

అంగడాయన: రాప్పా.
(1.8) ((రైతు ఆకు తీసి కౌంటరు మీద పెడతాడు))
అంగడాయన: ఎన్ని దినాలాయ?
రైతు: నాలుగైదు దినా:లు.
(0.6)
అంగడాయన: ఏమన్నా కొట్టినావా?
(2.1)
రైతు: కొట్టల్యా.
అంగడాయన: ఇది తీస్కపో. రెండుసార్లు కొట్టు, తగ్గుతాది.
(1.2)
రైతు: ఎంతనో...
అంగడాయన: అది సూద్దాం లేప్పా, పంటప్పుడు.

సార్ అడిగిన మొదటి ప్రశ్న: "రైతు ఏమడిగినాడు?" మందు అడిగాడు అన్నాం. "యాడ అడిగినాడు? చూపియ్యండి." వెతికాం. లేదు. సలహా అనేది అడగనే లేదు. ఆకు పెట్టాడు, ఊరుకున్నాడు. ఒకటీ పాయింట్ ఎనిమిది సెకన్ల మౌనం. ప్రశ్నలన్నీ అడిగింది అంగడాయన. రైతు నోరు తెరిచి అడగబోయింది ఒక్కటే, అదీ ధర, అదీ సగంలోనే ఆగిపోయింది, ఎందుకంటే ఆయనకు అక్కడ ఖాతా ఉంది, మందు అప్పు, పంట అమ్మాక తీర్చాలి. ఆ అప్పు ఉండబట్టే ఆ మందు కాదు ఇది కావాలనే మాట కూడా రాలేదు.

అప్పుడు నా అరవై కాగితాలు గుర్తొచ్చాయి. "పురుగుమందుల అంగడివాళ్లను సలహా అడుగుతారా?" అడగను. అబద్ధం కాదది! అక్షరాలా నిజం. ఎవరూ అడగరు, ఆకు పెడతారు. నేను అడిగిన మాటే తప్పు. అధికారి పేరుకు టిక్ పెట్టడం కొంత నా వాలకం చూసి ఉంటుంది, ఫైలు పట్టుకుని స్కూటీ దిగిన మేడమ్ సర్కారు మనిషే అనుకుంటారు కదా, కానీ ఇది మాత్రం వాళ్ల తప్పు కాదు. ఏడాది పాటు రైతులు అబద్ధం చెప్పారని మా కాలేజీలో అందరితో అన్నాను, ఆ రోజు బంక వాసన మధ్య కూర్చుని సిగ్గుపడ్డాను.

ఇదంతా ఎక్కడ మొదలైందో కూడా సార్ చెప్పారు. 1960ల మొదట్లో హార్వీ శాక్స్ అనే కుర్ర సోషియాలజిస్టు లాస్ ఏంజిలిస్‌లో ఆత్మహత్యలు ఆపే కేంద్రానికి వచ్చే ఫోన్ల టేపులు వింటూ కూర్చున్నాడు. ఆ కేంద్రానికి పేర్లు కావాలి, ఫోన్ చేసేవాళ్లకు చెప్పడం ఇష్టం ఉండదు. ఫోనెత్తినవాళ్లు తమ పేరు చెప్తే అవతలివాళ్లు తిరిగి తమ పేరు చెప్పడం అక్కడి రివాజు. ఒకాయన పేరు చెప్పకుండా, సరిగా వినపడలేదు అన్నాడు. ఇవతలాయన తన పేరే మళ్లీ చెప్పాల్సి వచ్చింది, ఆ సందులో ఆయన పేరు చెప్పాల్సిన చోటు జారిపోయింది. చెప్పను అనకుండానే చెప్పకుండా తప్పించుకున్నాడు. "మీరు పేరు ఎందుకు చెప్పలేదు" అని ఏ క్వశ్చనీర్‌లో అడిగితే ఇది దొరుకుతుంది? శాక్స్, షెగ్లాఫ్, జెఫర్సన్ ముగ్గురూ కలిసి మాటల వంతుల మీద రాసిన వ్యాసం 1974లో వచ్చింది. ఇంగ్లిష్ కష్టమే గానీ మన రచ్చబండను తలుచుకుంటూ చదివితే లోపలికి దిగుతుంది.

ఒక్క లోటు చెప్పాలి, అది చిన్నది కాదు. అనుమతి గురించి ఎవరూ ముందుగా నేర్పలేదు. నేను అంగడాయనను అడిగాను గానీ వచ్చిపోయే రైతులను అడగలేదు, ఫోను కనపడుతూనే ఉంది కదా అనుకున్నాను. మర్నాడు పోయి, రికార్డులో ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే వెతికి చెప్పాను. పైన రాసిన ముక్క ఆ రైతు విని, నవ్వి, పేరు రాయకుంటే సరే అన్న తర్వాతే వాడుకున్నాను. ఇంకొకాయన మాత్రం "అప్పు సంగతి ఉందిమా దాంట్లో, తీసేయ్" అన్నాడు. ఆయన ముందే తీసేశాను. మంచి రికార్డింగు అది, ఇప్పటికీ బాధే, కానీ ఆయనది. మనుషుల మాటలు పట్టుకునే కోర్సులో ఇది మొదటి ఆదివారమే చెప్పాలి, ఆ పదకొండు తేడాల టేబుల్ బదులు.

ఆరో వారం కంటెంట్ అనాలిసిస్, అంటే రాతలను, పోస్టులను రకాలుగా విడదీసి లెక్కపెట్టడం. నాకు పనికిరానిది గనుక తొందరగా చెప్పేస్తా. కర్నూలు నుంచి వచ్చే తమ్ముడొకతను ఎన్నికలప్పటి వాట్సాప్ ఫార్వర్డుల మీద చేస్తున్నాడు, అతనికి బాగా ఉపయోగపడింది. ఇద్దరు మనుషులు విడివిడిగా పోస్టులను విడదీసి ఎంతవరకు కలిసిందో చూడాలి. అయితే నూటికి తొంభై కలిసిందని సంబరపడొద్దట, ఎందుకంటే పోస్టులన్నీ దాదాపు ఒకే రకమైతే ఇద్దరూ కళ్లు మూసుకుని అన్నిటికీ అదే రాసినా నూటికి నూరు కలుస్తుంది. ఆ గుడ్డి కలయికను తీసేసి చూపించే లెక్కను కోహెన్ 1960లో ఇచ్చాడు, కప్పా అంటారు. క్లాసులో ఒకరు కప్ప బొమ్మ గీశారు. సరే.

ఏడో ఆదివారం రెండుసార్లు వాయిదా పడింది, మెసేజ్ పొద్దున తొమ్మిదింటికి. కడపామె అప్పటికే ఊళ్లో దిగి ఉంది. చివరికి జరిగినప్పుడు సార్ రాలేదు, కింద కంప్యూటర్ దగ్గర ఉండే అబ్బాయి వచ్చి, సర్వే లెక్కలు కట్టే ఎస్‌పీఎస్‌ఎస్ చూపించాడు. మంచి సాఫ్ట్‌వేరే, 1968 నుంచి ఉంది, దాన్ననేదేమీ లేదు. కానీ ఏ ప్రశ్నకు ఏ పరీక్ష అన్నది కాకుండా ఏ బటన్ తర్వాత ఏ బటన్ అన్నది నేర్పాడు. కై స్క్వేర్ (రెండు విషయాలకు సంబంధం ఉందో లేదో చూసే పరీక్ష) ఎందుకు నొక్కుతున్నామని అడిగితే "అందరూ ఇదే నొక్కుతారు మేడమ్" అన్నాడు. ఆఖర్లో అసలు సంగతి బయటపడింది: ప్యాకేజీలు. డేటా ఎంట్రీకింత, థీసిస్‌లో నాలుగో అధ్యాయం రాసివ్వడానికింత. మెట్లు దిగుతుంటే గొంతు తగ్గించి ఇంకోటి చెప్పాడు, 384లో ఎన్ని తక్కువైతే అన్ని "మేమే నింపిస్తాం" అని. తలుపు దగ్గర నిలబడి 384 చాలన్న మనిషి గుర్తొచ్చాడు. పైన ఒకాయన మాటకు మాటకు మధ్య సెకన్లు లెక్కపెట్టమని నేర్పుతుంటే కింద లేని రైతులకు అభిప్రాయాలు రాసిపెడుతున్నారు. రెండు స్టార్లు తీసేసింది ఇందుకే, ఫ్యానుకు కాదు.

ఎనిమిదో వారం సర్టిఫికెట్లు, ఫొటో, సమోసా.

చేరాలనుకుంటే ఒక పని చేయండి. రెండో వారం, ఐదో వారం, మూడో వారంలో మొదటి సగం, వీటికే కూర్చుంటానని బేరమాడండి. మా తర్వాతి బ్యాచ్‌లో ఒకమ్మాయి అలాగే అడిగితే మూడు వేలకు ఒప్పుకున్నారట. నా పని ఇప్పుడు మూడు అంగళ్లలో రికార్డింగులుగా మారింది, గింజల ఆట అదనం. సర్వే మొత్తం మానలేదు గానీ ముప్పై నాలుగు ప్రశ్నలు తొమ్మిదికి తగ్గాయి, అందులో "అడుగుతారా" అనే మాట ఎక్కడా లేదు, "కిందటిసారి ఆకు ఎవరికి చూపించినారు" అని ఉంది. ఐదో ఆదివారానికి మాత్రం సొంత రికార్డింగు తీసుకుపోండి, నలభై సెకన్లు చాలు, మనుషులను ముందే అడిగి. ఇయర్‌ఫోన్లు మర్చిపోవద్దు. కిటికీ పక్క బెంచీ పట్టుకోండి, తిరగని ఫ్యాను కింద కూర్చుంటే ఆ ఒకటీ పాయింట్ ఎనిమిది సెకన్లు మీకు వినపడవు.